ఆల్ప్స్‌లో స్కీ టూరింగ్: మీ ఫోన్ పని ముందురోజు సాయంత్రానికే అయిపోవాలి

2,500 మీటర్ల ఎత్తు. మైనస్ 11 డిగ్రీల చలి. మ్యాప్ చూద్దామని జాకెట్ పై జేబులోంచి ఫోన్ తీశాను. 46 శాతం బ్యాటరీ ఉంది. స్క్రీన్ మీద వేలు పెట్టి జూమ్ చేశానో లేదో, ఫోన్ ఆరిపోయింది. పవర్ బటన్ నొక్కితే ఖాళీ బ్యాటరీ బొమ్మ వచ్చింది. 46 ఎటు పోయిందో తెలీదు.

ఫోన్ల గురించి రాసే చోట మంచు కొండల గోల ఏంటి అనుకోవచ్చు. కానీ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మొదటి చలికాలం రిసార్ట్‌లో స్కీయింగ్ నేర్చుకుంటారు, రెండో చలికాలం లిఫ్ట్ టికెట్ల ఖర్చు చూసి "కొండ మీదికి మనమే ఎక్కేద్దాం" అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. యాప్‌లు డౌన్‌లోడ్ చేశాను, ట్రాక్ సేవ్ చేశాను, గ్యాడ్జెట్లు కొన్నాను. ప్లానింగ్ అయిపోయింది అనుకున్నాను. నిజానికి ప్లానింగ్ అనేది అప్పటికి మొదలే కాలేదు.

ఒక రోజు స్కీ టూర్‌ని సేఫ్‌గా ఎలా ప్లాన్ చేయాలి, అందులో ఏ గ్యాడ్జెట్ ఏ పని చేస్తుంది, ఏది చేయలేదు అనేది ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

ముందు, స్కీ టూరింగ్ అంటే ఏంటి?

రిసార్ట్‌లో లిఫ్ట్ మిమ్మల్ని పైకి తీసుకెళ్తుంది, చదును చేసిన ట్రాక్ మీద కిందికి జారతారు. ఏ వాలు తెరవాలో, ఏది మూసేయాలో అక్కడి సిబ్బంది చూసుకుంటారు. స్కీ టూరింగ్‌లో అవేవీ ఉండవు. స్కీల అడుగున స్కిన్స్ అనే పట్టీలు అంటించుకుంటారు. వాటి మీది నూగు ఒకవైపే వంగి ఉంటుంది. అందుకే ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. బూటు మడమ పైకి లేచే బైండింగ్‌తో గంటల తరబడి నడుస్తూ ఎక్కుతారు. పైకి చేరాక స్కిన్స్ తీసేసి, మడమ లాక్ చేసి, ఎవరూ చదును చేయని మంచు మీద కిందికి దిగుతారు.

అందం అంతా అక్కడే ఉంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఏ వాలు సేఫ్ అని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ నిర్ణయం మీదే.

మంచు ఎందుకు జారుతుంది?

చలికాలం మొత్తం కురిసిన మంచు ఒకే ముద్దలా ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది. కొన్ని పొరల్లో మంచు స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చక్కెర పలుకుల్లా విడివిడిగా ఉంటాయి. దాని మీద గాలి తెచ్చి పోసిన మంచు గట్టి పలకలా పేరుకుంటుంది. ఏటవాలు బల్ల మీద ఆవాలు పోసి, వాటి మీద పలక పెట్టినట్టు ఊహించుకోండి. కదిలించనంతసేపూ నిలబడి ఉంటుంది. ఒకచోట వేలితో నొక్కితే మొత్తం పలక ఒక్కసారిగా కదులుతుంది.

ఇక్కడ వేలితో నొక్కేది మనమే. స్కీయర్లు చిక్కుకునే మంచు చరియల్లో దాదాపు పదింట తొమ్మిది ఆ మనిషో, అతని గుంపులోని వాళ్లో కదిలించినవే. ఎక్కడో పైనుంచి దురదృష్టం వచ్చి మీద పడటం తక్కువ. భయపెట్టే మాటే అయినా, ఇందులో మంచి వార్త కూడా ఉంది. కారణం మనమే అయితే తప్పించుకోవడం కూడా చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

ఇంకో ముఖ్యమైన అంకె 30. ఇలా పలకలా జారే మంచుకు సాధారణంగా 30 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ వాలు కావాలి. అంటే ప్రమాదానికి రెండూ ఉండాలి: తగినంత వాలు, దాని మీద బలహీనమైన మంచు. వాలు ఎంతో మ్యాప్ చెబుతుంది. మంచు సంగతి బులెటిన్ చెబుతుంది. ప్లానింగ్ అంటే ఈ రెండింటినీ కలిపి చదవడమే.

స్టెప్ 1: సాయంత్రం 5 గంటలకు బులెటిన్

నేను ఉదాహరణగా తీసుకునేది ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో, ఇన్స్‌బ్రుక్‌కి దగ్గర్లో ఉన్న ప్రాక్స్‌మార్ అనే చిన్న ఊరు. అక్కడి నుంచి 2,876 మీటర్ల లాంప్సెన్‌ష్పిట్జె శిఖరానికి వెళ్లే దారి కొత్తవాళ్లు ఎక్కువగా ఎంచుకునే టూర్లలో ఒకటి. మ్యూనిక్‌లో ఉండే మాలాంటివాళ్లు తెల్లవారుజామున బయల్దేరితే ఒక్కరోజులో వెళ్లి రావచ్చు.

టిరోల్, దక్షిణ టిరోల్, ట్రెంటీనో ప్రాంతాలు మూడూ కలిసి 2018 చలికాలం నుంచి ఒకే అవలాంచ్ బులెటిన్ ఇస్తున్నాయి. సీజన్‌లో రోజూ సాయంత్రం 5 గంటలకు మర్నాటి బులెటిన్ వస్తుంది. ఇంగ్లీష్‌లో కూడా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో అయితే దావోస్‌లోని ఎస్‌ఎల్‌ఎఫ్ సంస్థ బులెటిన్ ఇస్తుంది. దాన్ని వైట్ రిస్క్ యాప్‌లో చూడొచ్చు.

బులెటిన్ తెరవగానే 1 నుంచి 5 వరకు ఒక అంకె కనిపిస్తుంది. యూరప్ అంతా ఇదే స్కేల్. చాలామంది అంకె చూసి యాప్ మూసేస్తారు. నేనూ మొదట్లో అంతే. "5కి 3 అంటే మధ్యస్తం, పర్లేదు" అనుకునేవాణ్ణి. ఇది పెద్ద పొరపాటు. ఈ స్కేల్‌లో ఒక్కో మెట్టుకి ప్రమాదం సమానంగా పెరగదు, రెట్లలో పెరుగుతుంది. 3వ స్థాయి అంటే బులెటిన్ చెప్పిన వాలుల్లో ఒక్క స్కీయర్ బరువుకే మంచు కదలొచ్చు అని అర్థం. ఆల్ప్స్‌లో ఎక్కువ మరణాలు జరిగేది కూడా 3వ స్థాయి రోజుల్లోనే. 5వ స్థాయి రోజున ఎవరూ బయటికి వెళ్లరు. 3 రోజున అందరూ వెళ్తారు.

అంకె తర్వాత చదవాల్సినవి మూడు:

ఏ ఎత్తు పైన? ఉదాహరణకు 2,200 మీటర్ల పైన 3, కింద 2 అని ఉండొచ్చు.

ఏ దిక్కుకు తిరిగిన వాలులు? దీన్ని గుండ్రటి దిక్సూచి బొమ్మలో రంగు వేసి చూపిస్తారు.

సమస్య ఏంటి? కొత్త మంచు, గాలి పోసిన మంచు, లోపలి పాత బలహీన పొర, తడి మంచు, నేల మీద నుంచి మొత్తంగా జారే మంచు. ఈ ఐదింటిలో ఏది అనేదాన్ని బట్టి మీరు చూడాల్సినవి మారిపోతాయి. గాలి మంచు అయితే జాగ్రత్తగా చూస్తే చాలాసార్లు కంటికి కనిపిస్తుంది. పాత బలహీన పొర అయితే కంటికి అస్సలు కనిపించదు. అలాంటప్పుడు వాలు తగ్గించుకోవడం తప్ప వేరే దారి లేదు.

స్టెప్ 2: మ్యాప్ మీద వాలు

ఇప్పుడు టూరింగ్ మ్యాప్ యాప్‌లలో వాలుకి రంగులు వేసే లేయర్ ఉంటోంది. స్విస్‌టోపో యాప్‌లో ఇది ఉచితం: 30 డిగ్రీలు దాటితే పసుపు, అక్కడి నుంచి నారింజ, ఎరుపు, ఊదా. ఆ లేయర్ ఆన్ చేసి, మీ దారి మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా వెళ్లండి. రంగు తగిలిన ప్రతిచోటా ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ ఎత్తు ఎంత? వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది? బులెటిన్ చెప్పిన ఎత్తు, దిక్కు ఇదేనా?

దీనికి ఒక సులువైన కొలత ఉంది. వెర్నర్ ముంటర్ అనే స్విస్ పర్వత గైడ్ ఇచ్చిన పద్ధతి: 2వ స్థాయిలో 40 డిగ్రీల లోపు, 3వ స్థాయిలో 35 లోపు, 4వ స్థాయిలో 30 లోపు వాలుల్లోనే ఉండాలి. ఇది కనీస గీత మాత్రమే. కొత్తవాళ్లం కాబట్టి నేను ఇంకో 5 డిగ్రీలు తగ్గించుకుంటాను.

ఇంజనీర్‌గా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రంగులు మంచును కొలిచి వేసినవి కావు. నేల ఎత్తుల డేటా నుంచి లెక్కగట్టినవి. ఒక్కో గడి కొన్ని మీటర్లు ఉంటుంది, గడిలో ఉన్నదంతా సగటు అయిపోతుంది. ఆరేడు మీటర్ల చిన్న నిటారు గట్టు ఆ సగటులో మాయమైపోవచ్చు. పైగా గాలి మంచును తెచ్చి పోశాక అసలు ఉపరితలం ఆ డేటాలా ఉండదు. రంగు లేదు కాబట్టి వాలు లేదు అనుకోకూడదు. రంగు ఉంటే మాత్రం వాలు ఉన్నట్టే లెక్క.

ఇంకోటి, మీరు నిలబడిన చోటు ఒక్కటే చూస్తే చాలదు. మీ తల పైన ఏముందో కూడా చూడాలి. చదునుగా ఉన్న చోట నడుస్తూ కూడా పైన ఉన్న నిటారు వాలుని కదిలించే అవకాశం ఉంది. పాత బలహీన పొర ఉన్న రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

ఇక జీపీఎక్స్ ట్రాక్‌ల సంగతి. వాటిని డౌన్‌లోడ్ చేసుకోండి, తప్పేం లేదు. కానీ ఆ ట్రాక్ ఎవరో ఒకరు, ఏదో ఒక రోజు, ఆ రోజు మంచు మీద వెళ్లిన గీత. ఫైల్‌లో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టైమ్ ఉంటాయి. మంచు ఎలా ఉందో రాసే కాలమ్ అందులో ఉండదు.

స్టెప్ 3: టైమ్ లెక్క

ఇదీ ముంటర్ పేరుతోనే వాడుకలో ఉంది. ఎక్కే దూరం కిలోమీటర్లలో, దానికి ఎక్కే ఎత్తుని వందతో భాగించి కలపండి. మొత్తాన్ని 4తో భాగిస్తే గంటలు వస్తాయి.

ప్రాక్స్‌మార్ దాదాపు 1,690 మీటర్ల ఎత్తులో ఉంది. శిఖరానికి ఎక్కాల్సింది సుమారు 1,190 మీటర్లు. దారి ఒకవైపు నాలుగున్నర కిలోమీటర్లు అనుకుందాం. 4.5కి 11.9 కలిపితే 16.4, నాలుగో వంతు 4.1. అంటే ఆగకుండా 4 గంటల పైమాటే. టీ, ఫోటోలు, స్కిన్స్ సర్దుకోవడం కలిపి నాలుగున్నర. పొద్దున 8కి మొదలుపెడితే పన్నెండున్నరకి పైన ఉండాలి. జనవరిలో అక్కడ సాయంత్రం నాలుగున్నర, ఐదుంపావు మధ్యే సూర్యుడు దిగిపోతాడు. వసంతకాలంలో అయితే ఎండకి మంచు తడిసి బరువెక్కుతుంది కాబట్టి ఇంకా ముందే దిగేయాలి.

ఈ లెక్కతో రెండు గడియారపు టైమ్‌లు తేలతాయి: మధ్యలో ఒక గుర్తు దగ్గర ఎప్పటికి ఉండాలి, ఎక్కడున్నా సరే ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి.

స్టెప్ 4: వెనక్కి తిరిగే షరతులు రాసుకోండి

నా దృష్టిలో మొత్తం ప్లానింగ్‌లో ఇదే అసలైన స్టెప్. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, చిన్న కాగితం చాలు. ఆ రోజు మేం ముగ్గురం ముందురోజు రాత్రి వంటింట్లో కూర్చుని రాసుకున్నది ఇది:

2,200 దగ్గర 10:30కి లేకపోతే వెనక్కి. ఎక్కడున్నా 1 గంటకి వెనక్కి. మంచు కింద 'వుమ్ఫ్' అని శబ్దం వినిపిస్తే నిటారు వాలు ఎక్కేది లేదు. కొత్తగా జారిన చరియ కనిపించినా అంతే. ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా, కారణం అడగకుండా వెనక్కి.

చివరి షరతు మాలో ఒకడు పెట్టాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో కింద చెప్తాను.

గేర్: ఏది కొనాలి, ఎందుకు?

బీకన్, ప్రోబ్, పార. ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ముగ్గురికి కలిపి ఒక సెట్ అనేది ఉండదు, ఎందుకంటే పూడుకుపోయేది ఆ సెట్ ఉన్న మనిషే కావచ్చు.

బీకన్ అంటే అవలాంచ్ ట్రాన్సీవర్. ఇది 457 కిలోహెర్ట్జ్ మీద నిరంతరం సిగ్నల్ పంపుతుంది. ఎవరైనా పూడుకుపోతే మిగతావాళ్లు తమ బీకన్‌ని సెర్చ్ మోడ్‌కి మార్చి వెతుకుతారు. ఏ కంపెనీదైనా అదే ఫ్రీక్వెన్సీ కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మూడు యాంటెన్నాల డిజిటల్ మోడల్ తీసుకోండి. కొత్తది సుమారు 300 యూరోలు ఉంటుంది. ఆల్పైన్ క్లబ్ సభ్యులైతే చాలాచోట్ల అద్దెకు దొరుకుతుంది. ప్రోబ్ కనీసం 240 సెంటీమీటర్లు ఉండాలి. పార లోహపుదే కావాలి. జారి ఆగిన మంచు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పార దాని మీద విరిగిపోతుంది.

బ్లూటూత్, జీపీఎస్‌తో మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టే ఫోన్ యాప్‌లు బీకన్‌కి బదులు పనికిరావు. మంచు కింద సిగ్నల్ ఎంత దూరం వస్తుంది, ఎంత కచ్చితంగా చూపిస్తుంది, వేరే కంపెనీ పరికరంతో కలుస్తుందా, ఈ మూడు చోట్లా ఫోన్ ఓడిపోతుంది.

ఈ తొందరంతా ఎందుకంటే, పూర్తిగా పూడుకుపోయినవాళ్లను 10 నిమిషాల్లో తీయగలిగితే పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారు. అరగంట దాటేసరికి అది దాదాపు ముగ్గురిలో ఒకరికి పడిపోతుంది. హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా మొదటి 10 నిమిషాలు పక్కన ఉన్న స్నేహితులవే. అందుకే బీకన్ కొనడం కంటే దాన్ని ప్రాక్టీస్ చేయడం ముఖ్యం. మేం ఒక బీకన్‌ని సంచిలో పెట్టి మంచులో పూడ్చి, టైమర్ పెట్టి వెతికాం. మొదటిసారి నాకు 11 నిమిషాలు పట్టింది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

ఎయిర్‌బ్యాగ్ బ్యాక్‌ప్యాక్ గురించి చాలామంది అడుగుతారు. కదులుతున్న గింజల్లో పెద్దవి పైకి తేలే సూత్రం మీద అది పనిచేస్తుంది. నిజంగా ఉపయోగం ఉంది. కానీ హ్యాండిల్ లాగగలగాలి, అది తెరుచుకోవాలి, కింద చెట్లు, రాళ్లు ఉండకూడదు. డబ్బులు మిగిలితే కొనండి. ముందు ఆ డబ్బుతో రెండు రోజుల అవలాంచ్ కోర్స్ చేయండి.

ఫోన్, బీకన్: ఇద్దరికీ పడదు

ఇది మన సైట్ పాఠకులకు బాగా పనికొచ్చే విషయం. ఫోన్, స్మార్ట్‌వాచ్, యాక్షన్ కెమెరా, పవర్‌బ్యాంక్, వేడి చేసే గ్లవ్స్, ఇవన్నీ బీకన్ సిగ్నల్‌ని చెడగొట్టగలవు. రూల్ రెండు అంకెలు: 20, 50. బీకన్ పంపే మోడ్‌లో ఉన్నప్పుడు ఎలక్ట్రానిక్స్ 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతికే మోడ్‌లో 50 సెంటీమీటర్లు. వెతికేవాళ్లు ఫోన్ ఆఫ్ చేసేయడం ఇంకా మంచిది. ఫోన్ చేసే మనిషి కాస్త పక్కకు వెళ్లి చేయాలి.

అదే సమయంలో ఫోన్‌కి వెచ్చదనం కావాలి. లిథియం అయాన్ బ్యాటరీలో చలికి అంతర్గత నిరోధం పెరుగుతుంది. స్క్రీన్ వెలిగి, జీపీఎస్ పనిచేసి, ఒక్కసారిగా కరెంట్ లాగితే వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఐఫోన్‌కి ఆపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రతే 0 నుంచి 35 డిగ్రీలు. నా 46 శాతం ఎటూ పోలేదు. ఛార్జ్ లోపలే ఉంది, బయటికి రాలేకపోయింది. కారులో వేడెక్కాక అదే ఫోన్ 41 చూపిస్తూ లేచింది.

మరి వెచ్చగా ఉండే ఛాతీ జేబులో పెడదామంటే బీకన్ ఉండేది అక్కడే. నేను తేల్చుకున్నది ఇది: ఫోన్ ప్యాంటు తొడ జేబులో, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకుని ఉండాలంతే. పవర్‌బ్యాంక్ బ్యాక్‌ప్యాక్ మధ్యలో, టోపీలో చుట్టి. కాగితపు మ్యాప్ ఒకటి. దానికి చలి వేయదు.

ఆ రోజు ఏం జరిగింది

జనవరి చివరి వారం. బులెటిన్: 2,200 మీటర్ల పైన 3, గాలి మంచు, ఉత్తరం నుంచి తూర్పు వరకు ఉన్న వాలులు. మా దారి పైభాగం సరిగ్గా తూర్పుకే తిరిగి ఉంది. అది తెలిసే వెళ్లాం. అడవి పైన ఉన్న మెత్తటి వాలుల వరకు వెళ్లి, అక్కడ చూసి నిర్ణయిద్దాం అని కాగితం మీద రాసుకున్నాం.

2,500 దగ్గర నా ఫోన్ పోయింది. కాగితపు మ్యాప్ తీశాం. ముందున్న వాలు దగ్గరికి ఇంకో వంద అడుగులు వేశామో లేదో, కాళ్ల కింద మంచు ఒక్కసారి కుంగినట్టయి, 'వుమ్ఫ్' అని శబ్దం వచ్చింది. పెద్దదేం కాదు. పరుపు మీద ఎవరో కూర్చున్నట్టు.

ముగ్గురం ఆగిపోయాం. మా ముందు నలుగురు వెళ్లిన ట్రాక్ నీట్‌గా కనిపిస్తోంది. పైన వాళ్లు చిన్న చుక్కల్లా ఉన్నారు.

"మామా, వాళ్లు ఎక్కేశారు కదరా. ఇంకో రెండు మూడొందల మీటర్లే," అన్నాను. అవును, నేనే అన్నాను. ఫోన్ పోయిన చిరాకు, తెల్లారుజామున నాలుగింటికి లేచిన కష్టం, ఇంటికి పంపాల్సిన శిఖరం ఫోటో, అన్నీ కలిసి నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

మా వాడు వాదించలేదు. "వద్దు మామా," అన్నాడు. అంతే. కారణం అడగకూడదని రూల్ రాసుకున్నాం కాబట్టి నేను అడగలేకపోయాను. స్కిన్స్ తీసి, ఒక్కొక్కరుగా దూరం పాటిస్తూ ఎక్కిన దారిలోనే దిగాం.

ఇక్కడ సినిమా అయితే వెనకాల ఆ వాలు జారాలి. జారలేదు. ఆ నలుగురూ శిఖరం ఎక్కి, అదే వాలులో అందంగా మలుపులు తిప్పుతూ దిగి, పార్కింగ్‌లో మా పక్కనే నవ్వుతూ బూట్లు విప్పుకున్నారు. ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. మేం పిరికివాళ్లమా అనిపించింది.

తర్వాత చాలా రోజులు ఆలోచిస్తే అర్థమైంది ఇది. మన పనిలో కోడ్ తప్పయితే ఎర్రర్ వస్తుంది, లాగ్‌లో కనిపిస్తుంది. కొండ అలా చెప్పదు. తప్పు నిర్ణయం తీసుకుని నిటారు వాలు ఎక్కినా చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాలేదు కాబట్టి నిర్ణయం సరైనదే అని మనం నేర్చేసుకుంటాం. మళ్లీ ఎక్కుతాం. ఏ చెక్ లేకుండా రాసిన టెస్ట్ ఎప్పుడూ పాసే అవుతుంది. పదిసార్లు పాసైతే కోడ్ మంచిదని అర్థం కాదు, టెస్ట్ ఏమీ చూడట్లేదని అర్థం. ఆ నలుగురు క్షేమంగా దిగారు, దానికి నాకు సంతోషమే. కానీ వాళ్లు దిగడం ఆ వాలు సేఫ్ అనడానికి రుజువు కాదు. మేం వెనక్కి తిరగడం తప్పు అనడానికీ కాదు.

అందుకే ఫలితం చూసి నేర్చుకునే ఆట కాదిది. నిర్ణయం ఎలా తీసుకున్నాం అన్నదే చూసుకోవాలి. అలసిపోయి, చలిలో, శిఖరం కళ్ల ముందు కనిపిస్తుంటే నా బుర్ర నమ్మదగ్గది కాదని ఆ రోజు తేలింది. ముందురోజు రాత్రి వంటింట్లో, వెచ్చగా, కడుపు నిండా తిని కూర్చున్న నేనే నమ్మదగ్గవాణ్ణి. ఆ 'నేను' రాసిన కాగితం, పైన ఉన్న 'నా' మాట కంటే గట్టిది కావాలి.

ఎమర్జెన్సీ కోసం సేవ్ చేసుకోండి

యూరప్ అంతటా 112. ఆస్ట్రియాలో పర్వత రెస్క్యూకి 140. స్విట్జర్లాండ్‌లో రెగా హెలికాప్టర్ సర్వీస్‌కి 1414. టిరోల్, దక్షిణ టిరోల్, బవేరియాల్లో ఎస్‌ఓఎస్ ఈయూ ఆల్ప్ యాప్ మీ లొకేషన్‌ని నేరుగా కంట్రోల్ రూమ్‌కి పంపుతుంది. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడల్స్‌లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ, ఫ్రాన్స్‌లలో పనిచేస్తుంది, కాకపోతే ఆకాశం తెరిపిగా కనిపించాలి. ఫోన్ పూర్తిగా పోతే ఆల్ప్స్‌లో పాత పద్ధతి ఒకటుంది: నిమిషంలో 6 సార్లు విజిల్ లేదా లైట్, ఒక నిమిషం ఆపి మళ్లీ అలాగే. జవాబు నిమిషానికి 3 సార్లు వస్తుంది.

బయల్దేరే ముందు చెక్‌లిస్ట్

1. బులెటిన్: అంకెతో పాటు ఎత్తు, దిక్కు, సమస్య కూడా చదివారా?
2. మ్యాప్: 30 డిగ్రీలు దాటిన ప్రతి ముక్క దగ్గర ఆగి చూశారా? తల పైన ఏముందో చూశారా?
3. టైమ్: మధ్య గుర్తు టైమ్, వెనక్కి తిరిగే టైమ్ రాశారా?
4. ప్లాన్ బి: ఇంకా తక్కువ వాలు ఉన్న మరో టూర్ సిద్ధంగా ఉందా?
5. కాగితం: వెనక్కి తిరిగే షరతులు అందరూ కలిసి రాశారా?
6. ఆఫ్‌లైన్ మ్యాప్, కాగితపు మ్యాప్, తొడ జేబులో ఫోన్.
7. పార్కింగ్ దగ్గర బీకన్ చెక్: ఒకరు ముందు నిలబడితే, మిగతావాళ్లు ఒక్కొక్కరుగా దాటాలి. పంపడం, వెతకడం రెండూ చూడాలి.
8. ఇంట్లో ఉన్న ఒకరికి దారి, తిరిగొచ్చే టైమ్ చెప్పారా?

లాంప్సెన్‌ష్పిట్జె ఇంకా అక్కడే ఉంది. మార్చిలో 2వ స్థాయి ఉన్న ఒక రోజు మళ్లీ వెళ్లాం, పైదాకా ఎక్కాం. ఫోటో తీశాను, అమ్మకి పంపాను. కాకపోతే ఆ టూర్ నుంచి నేను దాచుకున్నది ఆ ఫోటోని కాదు. జనవరి నాటి ఆ నలిగిన కాగితం ఇప్పటికీ నా బ్యాక్‌ప్యాక్ పై జేబులో ఉంది. దాని బ్యాటరీ ఇంతవరకు అయిపోలేదు.